తెరచాటు వాద్యములు

సినిమాపాటలు వినువారు మన దేశమున నింటింటను గలరు. పాట లేనప్పుడు తెరవెనుక మ్రోగు వాద్యములను చెవియొగ్గి వినువారు ఊరికొకరైన నుందురో లేదో చెప్పజాలము. కథానాయిక తలుపు తీసినప్పుడు, తల్లి కుమారుని యుత్తరము చదువుకొనినప్పుడు, రైలు కదలిపోయినప్పుడు ఎవరును పాడరు, ఎవరును మాటాడరు. అయినను మన కన్నుల నీరు తిరుగును. ఆ నీటికి సగము నటులు కారణమైనచో తక్కిన సగమునకు వాద్యబృందము కారణము. నటుని పేరు మనకు దెలియును. వాయించినవాని పేరు మన మడుగము. ఇట్టి సంగీతమును రికార్డులుగను, క్యాసెట్లుగను, సీడీలుగను సేకరించు దురభ్యాసము మాకు ఇరువదియైదేండ్లుగా నున్నది. దురభ్యాసమను మాట మాది గాదు, మా యింటి పెద్దలది. దానికి సమాధానముగా నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పుట్టినయూరు యెమ్మిగనూరు, ఉద్యోగము ఆదోనిలో. నడుమ సుమారు 30 కిలోమీటర్ల త్రోవ. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారల సహకార సంఘమును స్థాపించిన యూరగుటచే మా చిన్నతనమున మగ్గపు చప్పుడు లేని వీధి యుండెడిది కాదు. మా తాతగారును నేసినవారే. చీరను కొనవచ్చినవారు అంచును జూతురు, కొంగును జూతురు. పడుగు నెవ్వరును జూడరు. పడుగు చెడినచో మాత్రము చీర చెడినదని యందరును జెప్పుదురు. సినిమాలో పాట కొంగువంటిది. మేము వెదకునది పడుగు.

మా బీరువాలో నేడు 78 వేగపు లక్కరికార్డులు 46, ఎల్పీలు 212, క్యాసెట్లు 300కు మించి, సీడీలు 90 వరకును గలవు. ఇన్నిటిలో కేవల వాద్యసంగీతమున్నవి 70కి లోబడును. వానిలోను తెలుగు చిత్రములకు సంబంధించినవి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఇవి ఆదోని పాతసామాను కొట్లలోను, బళ్లారి వీధులలోను, సెలవులలో హైదరాబాదు పోయినప్పుడును దొరకినవి. మా గృహిణి గణితము చదివినది. నెలకు 500 రూపాయలకు మించి దీనికై వెచ్చింపరాదనియు, క్రొత్తగా దెచ్చినదానిని మూడుమార్లు పూర్తిగా వినక మరియొకటి తేరాదనియు రెండు శాసనములు చేసినది. మొదటిది మా జీతమునకు రక్ష. రెండవది మా చెవికి రక్ష. రెండవ శాసనము లేకున్న మేము సేకరించువారమే యగుదుము గాని వినువారము గాకుందుము.

ఈ సంగీతము పరదేశపు వస్తువనియు, మన సంప్రదాయమునకు బట్టనిదనియు గొందరు మిత్రు లాక్షేపింతురు. వారు భరతుని నాట్యశాస్త్రము చూడవలెను. అందు ధ్రువాగానమని యొక ప్రకరణమే కలదు. పాత్ర ప్రవేశించునప్పుడు ప్రావేశికి, నిష్క్రమించునప్పుడు నైష్క్రామికి, రసము మారునప్పుడు ఆక్షేపికి, చెదరిన చిత్తమును ప్రసన్నము చేయుటకు ప్రాసాదికి, నడుమ కలిగిన లోపమును కప్పుటకు ఆంతర యని యయిదు విధములుగా జెప్పబడినది. పాత్ర పాడునది వేరు, పాత్రకై వెనుకనుండి పాడునది వేరు అను వివేక మన పూర్వులకు పూర్తిగా గలదు. తత, అవనద్ధ, ఘన, సుషిర వాద్యములతో గూడిన బృందమునకు కుతపమని పేరు పెట్టి, వారెచట కూర్చుండవలెనో కూడ చెప్పినారు. నేపథ్యమను మాటయే నాటకశాలనుండి వచ్చినది. ఇక నానందవర్ధనుడు ధ్వని యని దేనిని జెప్పెనో దానిని మా విద్యార్థులకు శ్లోకములతో బోధించుటకంటె నొక సినిమాఘట్టముతో బోధించుట మాకు సులభముగా నున్నది. మాట యొకటి చెప్పును, వాద్యము మరియొకటి చెప్పును. తల్లి ‘సుఖముగా నున్నాను నాయనా’ యనును, వెనుక వయొలిన్లు ‘లేదు’ అనును. వాచ్యమేదో వ్యంగ్యమేదో ఎనిమిదవ తరగతి పిల్లవానికిని దెలిసిపోవును.

అట్లయిన నీ సంగీతము రికార్డులపై కేల రాలేదు? కారణములు పెక్కులు గలవు; అందు మొదటిది వస్తుగతమైనది. పాతకాలపు పదియంగుళముల లక్కరికార్డుపై నొక ప్రక్క పట్టునది సుమారు 3 నిమిషములు. పాట యంతలో నిముడును. ఇముడనిచో కత్తిరించి యిమిడ్చిరి. తెరవెనుక సంగీతమన్ననో, ఇచట నర నిమిషము, అచట పావు నిమిషము, కొన్నిచోట్ల నాలుగైదు నిమిషములు. 1948లో అమెరికాలో కొలంబియావారు ఎల్పీని దెచ్చిన తరువాత నొక ప్రక్కకు 20 నిమిషములకు పైగా చోటు దొరకినది. చోటు దొరకిన తరువాతను మన దేశమున నా చోటును పాటలే యాక్రమించెను. రెండవ కారణము పనియొక్క పద్ధతి. పాట చిత్రీకరణమునకు ముందే తయారగును. కావున దానికి వేరుగా నొక మూలప్రతి యుండును. నేపథ్యసంగీతము చిత్రమంతయు గూర్చిన తరువాత, విడుదల తేది ప్రకటించిన తరువాత, రాత్రింబగళ్లు కూర్చుండి వాయించునది. దానిని వెంటనే మాటలతోను, అడుగుల చప్పుళ్లతోను గలిపి యొక్క పట్టీపై నెక్కింతురు. కలిపిన తరువాత వేరుచేయుట పాలలోని నీటిని వేరుచేయుటవంటిది. అందుకు హంసలు మన స్టూడియోలలో లేవు. విడిగానున్న టేపు పని తీరినపిమ్మట చెరిపి మరల వాడుకొనబడుచుండెను. టేపు వెల గలది, అందలి సంగీతము వెల లేనిదని యప్పటివారి లెక్క.

మా కాలమువారి కింకొక దారి యుండెడిది. ఆకాశవాణివారు సంక్షిప్త శబ్దచిత్రమని యొక కార్యక్రమమును బ్రసారము చేయుచుండిరి. ఒక సినిమాను గంటకు గుదించి, చెవితో మాత్రము చూపుట. మాకది కడప కేంద్రమునుండి వినబడెడిది. అటులనే ప్రసిద్ధ చిత్రముల సంభాషణలను రికార్డులుగను క్యాసెట్లుగను విడుదలచేయు వాడుక యుండెను. జనులు వానిని మాటలకొరకు గొనిరి. మేము మాటలక్రింద నున్నదానికొరకు గొంటిమి. నాయకుడు ఊపిరి తీసికొను నడిమిచోట రెండుక్షణములు వయొలిను వినబడును. దానికై ముందుకును వెనుకకును త్రిప్పుచు టేపు నలిగిపోవువరకు వింటిమి. పేదవాని వాద్యబృందమది. నేటికిని మా క్యాసెట్లలో మూడవవంతు సంభాషణల క్యాసెట్లే.

మల్లీశ్వరి 1951లో వచ్చినది. దర్శకులు బి. ఎన్. రెడ్డిగారు కడప సీమవారు. కథ రాయల కాలపుది. ఆనాటికి మా ఆదోని తాలూకా యింకను బళ్లారిజిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1వ తేదిని ఆంధ్రరాష్ట్రమున జేరినది. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిదని చదువరులందరు నెరుగుదురు. వాద్యబృందపు కూర్పునందు వారికి దోడ్పడినవారు అద్దేపల్లి రామారావుగారని యెందరెరుగుదురు? పాటలోని బాణీకి జోడింపవలసిన వయొలిన్లు, వేణువులు, వీణ, మువ్వలు ఏది యెచట రావలెను, ఏది యెచట నూరకుండవలెను అను నిర్ణయ మొక ప్రత్యేకశాస్త్రము. 1957నాటి మాయాబజారును దీసికొనుడు. రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు గట్టి తప్పుకొనగా ఘంటసాలగారు తక్కిన సంగీతమును నిర్వహించిరి. దర్శకులు కె. వి. రెడ్డిగారును మా రాయలసీమవారే, తాడిపత్రిలో బుట్టినవారు. 2010లో దానికి రంగులద్ది మరల విడుదల చేసిరి. రంగులకై యెంతో శ్రమపడిరి, సంతోషమే. తెరవెనుక వాద్యములను మాత్రము విడదీసి యొక చిన్న సీడీగా నిచ్చినవారిని మేమింకను జూడలేదు.

పరదేశములలోను మొదట నిట్లే యుండెను. అచట నీ సంగీతము రికార్డగుటకు మన దక్షిణదేశపు బాలుడొకడు కారకులలో నొకడగుట మాకు మిక్కిలి యిష్టమైన వృత్తాంతము. మైసూరు రాజ్యములోని కారాపురమున 1924లో బుట్టి, మావటివారియింట బెరిగి, యేనుగులమీది సవారితో సినిమాకెక్కిన సాబు అను బాలుడు 1942లో జంగిల్ బుక్ చిత్రమున మౌగ్లీ వేషము వేసెను. సంగీతము హంగరీదేశీయుడైన మిక్లోష్ రోజా కూర్చినది. ఆ వాద్యసంగీతమును, సాబు కథచెప్పు గొంతుతో గూర్చి, ఆర్.సి.ఏ. విక్టరువారు రికార్డులుగా విడుదలచేసిరి. అమెరికా చిత్రముల వాద్యసంగీతము అంగడి కెక్కిన తొలి ప్రయత్నములలో నదియొకటి. ఏనుగులపై, తోడేళ్లపై, పాముపై నొక్కొక్క గుర్తువరుస కలదు. ఆ వరుస వినబడగానే జంతువు కనబడకున్నను వచ్చినట్లే. మా చిన్నకూతురు దీనిని వినిన మరునాడు ఇంటిలో నొక్కొక్కరికి నొక్కొక్క కూనిరాగము నిర్ణయించినది. మాకు నిర్ణయించినది మిక్కిలి మందగతి గలది. దానిపై వ్యాఖ్య యనవసరము.

కాని యా ధనికదేశమందును నిర్లక్ష్యము తక్కువ గాదు. ఎం.జి.ఎం. సంస్థ 1970 ప్రాంతమున స్థలము చాలదని తన చిత్రముల సంగీతపు వ్రాతప్రతులను బండ్లకొలది పారవేయించి పూడ్పించినది. తరువాత వానిని మరల వాయింపదలచినవారు సినిమాను ముందు బెట్టుకొని, మాటలక్రిందనుండి స్వరమువెంట స్వరము చెవితో బట్టి మరల వ్రాసికొనవలసివచ్చెను. 1972 మొదలు చార్లెస్ గెర్హార్ట్ అనువాడు లండనులో వాద్యబృందమును గూర్చి కోర్న్‌గోల్డు మొదలగువారి పాతసంగీతమును క్రొత్తగా వాయించి రికార్డుల వరుసగా దెచ్చెను. 1933నాటి కింగ్‌కాంగ్‌కు మాక్స్ స్టైనర్ కూర్చిన సంగీతమును 1996లో మాస్కోలో మరల పూర్తిగా వాయించి పట్టిరి. బెన్‌హర్ 1959లోని చిత్రము. దాని సంగీతము 2012లో అయిదు సీడీలుగా వచ్చినది. ఇవి యన్నియు వినువారి పట్టుదలవలన జరిగిన పనులు. స్టూడియోలకు దోచినవి గావు.

అయితే యా వినువారిలో నొక రోగమును గలదు. మన దేశమునకును వ్యాపించుచున్నది. వెయ్యి ప్రతులనియు, మూడువేల ప్రతులనియు లెక్కకట్టి యమ్ముదురు. చేజిక్కినవాడు పైకాగితమైన విప్పక బీరువాలో బెట్టి, అయిదారేండ్లకు నాలుగింతల వెలకు మార్చును. వినని సంగీతమునకు వెల పెరుగుటయు, వాయించినవాని కందులో దమ్మిడీ పోకుండుటయు నే ధర్మశాస్త్రమునకు సమ్మతమో తెలియదు. మా పరిచితులలో నొక న్యాయవాదిగారింట నట్టి విప్పనివి పండ్రెండు కలవు. ఒకదానిని వినిపింపుడని బ్రతిమాలితిమి. విప్పిన విలువ తగ్గునని సెలవిచ్చిరి. నేయి కొని చూచి దాచుకొనువారును లోకమున నుందురు.

చదువరులు తమ యిండ్లలో నొక చిన్న పరీక్ష చేయవచ్చును. సింగీతము శ్రీనివాసరావుగారు 1987లో పుష్పకవిమానమను చిత్రమును దీసిరి. అందు మాటలే లేవు. మూకచిత్రము గాదు, వీధిచప్పుడు, తలుపుచప్పుడు, సంగీతము అన్నియు గలవు, మనుష్యులుమాత్రము మాటాడరు. సంగీతము ఎల్. వైద్యనాథన్‌గారిది, వయొలిన్ విద్వాంసులైన ఎల్. సుబ్రహ్మణ్యం, ఎల్. శంకర్‌గార్లకు సోదరులు, దూరదర్శనములో మాల్గుడి డేస్ కథలకును సంగీతము కూర్చినవారు. ఒక వేసవిసెలవులలో మా యింటను, ప్రక్కయింటను గల పిల్లలను గూర్చుండబెట్టి, మొదటి పావుగంట చప్పుడు పూర్తిగా గట్టివేసి చూపితిమి. పిల్లలు నవ్వవలసినచోట నవ్విరి. కాని కొంతసేపటికి కాళ్లు కదల్చసాగిరి, ఒకడు నీళ్లకు లేచెను. మరల మొదటినుండి చప్పుడుతో జూపితిమి. ఎవడును లేవలేదు. ఏమి భేదమని యడుగగా నొక బాలిక, ‘మొదట వాళ్లను మనం చూసినాం సార్, ఇప్పుడు వాళ్లు మనతో చెప్పినారు’ అనినది. అలంకారశాస్త్రము చదివిన మేమింతకంటె బాగుగా జెప్పలేము.

ఇళయరాజాగారి ‘హౌ టు నేమ్ ఇట్’ అను వాద్యసంకలనము 1986లో వచ్చినది. ఇది సినిమాసంగీతము గాదు, సినిమాసంగీతజ్ఞుడు సినిమాకు బయట గూర్చినది. త్యాగరాజస్వామికిని, జర్మనీ సంగీతకర్త బాఖ్‌కును అంకితము. మేము బి.ఏ. చదువునాడు కొనిన మొదటి వాద్యక్యాసెట్ అదియే. అందు వయొలిను వి. ఎస్. నరసింహన్‌గారిదని పేరు వేసియుండెను. మాకు దిగ్భ్రమ కలిగినది. అంతవరకు మేము వినిన వందలకొలది పాటలలో వయొలిను వాయించినవా డొక మనుష్యుడనియు, అతనికి పేరుండుననియు మాకు దోచనేలేదు. ఆ క్యాసెట్‌తరువాత సాగరసంగమమును మరల వింటిమి. 1983నాటి చిత్రము, జాతీయపురస్కారము నందినది. చెన్నపురి స్టూడియోలలో వాద్యకారులను కాల్షీటులెక్కన బిలుచుట యాచారము. వచ్చుట, ఎదుట బెట్టిన కాగితమును జూచి వాయించుట, డబ్బు తీసికొని పోవుట. 1990 తరువాత నెలక్ట్రానిక్ యంత్రములు నలువది వయొలిన్ల పనిని నొక పెట్టెలో నిముడ్చుటతో నా కాల్షీటులును సన్నగిల్లెను. యంత్రముల మేము దూషింపము. మరమగ్గమును దూషించి చేతిమగ్గమును నిలుపగలిగినవారిని మా యూర జూడలేదు. కాని చేతిమగ్గపువానికి సంఘమైన నొకటి యేర్పడినది. నలువదిమందిలో పదునెనిమిదవ వయొలిన్‌వాని కేమేర్పడినది?

ఈ ప్రశ్న మాకు పుస్తకమువలన బుట్టినది కాదు. 2017లో ఆదోనిలో మా బంధువులయింట నొక వివాహము జరిగెను. బ్యాండుమేళము వచ్చినది. మేళపుపెద్ద యేబదియేండ్లుగా క్లారినెట్టు వాయించు సాయిబు; డెబ్బది దాటినవాడు. ఊరేగింపునకు జనులు కోరిన పాటలన్నియు వాయించెను. విడిదియెదుట గుంపు చెదరిన తరువాత, ఎవరును విననప్పుడు, తనలో దాను వాయించుకొనునట్లు ఒక చిన్న వరుస నెత్తుకొనెను. అది పాట గాదు. సాగరసంగమములో మాటలులేనిచోట వినబడు వరుస. మేము దగ్గరకు బోయి యా మాట చెప్పితిమి. క్లారినెట్టు దించి మమ్ము చాలసేపు చూచెను.

‘ముప్పై ఏండ్లనుంచి వాయిస్తాండా సారూ. ఎవరూ కనుక్కోలేదు,’ అనెను.

ఆయన యౌవనమున మద్రాసుపోయి రెండేండ్లు స్టూడియోలలో వెనుకవరుసను వాయించెనట. ఏ చిత్రములకని యడిగితిమి. ‘పాటకైతే చెప్తారు సారూ, ఫలానా సినిమా అని. రీరికార్డింగుకు రీలు నెంబరు చెప్తారు. మేము తెరవైపు చూస్తే వాయించేదెట్ల? కాగితం చూసేవాళ్లం,’ అనెను. తిరిగివచ్చిన తరువాత ఆదోనిలోని ప్రతి సినిమాకును బోయి, బొమ్మను జూడక, తన యూపిరి యెచటనైన వినబడునేమో యని వినుచుండెనట. రెండు చిత్రములలో దనదే యనిపించినదట. రూఢి లేదు.

భోజనములవేళ మేళమువారికి షెడ్డులో, అందరును లేచిన తరువాత విస్తళ్లు వేయుదురని తెలిసినది. ఇది మన పెండ్లిండ్లలో కట్టడి. చదువుకొన్న యిండ్లలోను మారలేదు. లక్షలు వెచ్చించి మేళమును దెత్తురు. వాయించిన పెదవికి వేడియన్నము పెట్టరు. మేమును మా గృహిణియు మేళపుపెద్దను, ఆయనతో వచ్చిన తొమ్మండుగురిని మొదటి పంక్తికి బిలిచి నడుమ గూర్చుంటిమి. మా మామగారి వరుసయైన యొక పెద్ద లేచి, ‘మేళమోళ్లతో పంక్తేమప్పా అయివారూ? నీ చదువు ఇస్కూల్లో పెట్టుకో,’ అనిరి. ఆయనతో మరి నలుగురు లేచిరి. కూర్చుండినవారును కలరు, ఇద్దరు కళాశాల విద్యార్థులు, మా యత్తగారు, పెండ్లికుమార్తె మేనత్త. మేళపుపెద్ద మాత్రము మెల్లగా మాతో, ‘మాకు అలవాటే సారూ. మేము రేపు ఇంకో ఊరికి పోతాం. మీరు ఈ ఊర్లోనే ఉండల్ల,’ అనెను. మామగారు మాతో నేడాదికి పైగా మాటాడలేదు. ఇప్పుడు మాటాడుచున్నారు, ఆ ప్రసంగమును మాత్రమెత్తరు. మేమును మా యభిప్రాయము మార్చుకొనలేదు.

అప్పటినుండి మేళపుపెద్ద ఆదివారము సాయంకాలము మా యింటికి వచ్చుచున్నాడు. రికార్డు పెట్టుదుము. మేము రాగమును, రసమును జెప్పుదుము; ఆయన మనుష్యులను జెప్పును. ‘ఇక్కడ ఇద్దరు క్లారినెట్లు, ఒకడు కొత్తోడు. చూడండి, ఊపిరి యాడ తీసుకున్యాడో,’ అనును. మేమిరువదేండ్లు వినినను రెండవ క్లారినెట్టు కలదని యెరుగము. రోజాగారి జంగిల్ బుక్కును వినిపించినప్పుడు కన్నులు మూసికొని, ఏనుగుల వరుసకు, ‘ఇది పెద్ద ఊపిరి. ఆదోని బ్యాండంతా కలిసినా చాలదు,’ అనెను. ఆయనవద్ద నట్టలు చిరిగిన లెక్కపుస్తకము లారు కలవు. మద్రాసునాడు మొదలు సినిమాహాళ్లలో వినిన వాద్యవరుసలను స్వరాక్షరములతో దెలుగులో వ్రాసికొనినవి. చిత్రము పేరు, హాలు పేరు, కొన్నిచోట్ల ‘భార్య ఏడ్చేటప్పుడు’, ‘వాన’, ‘పోలీసు వచ్చినాక’ అని గుర్తులు. అమెరికాలో పండితులు కూర్చుండి చెవితో దిరిగి వ్రాసిన పనిని ఆదోనిలో నేల టిక్కెట్టుపై గూర్చుండి యొక బ్యాండువాడు ఎవరును జెప్పకయే చేసినాడు. రెండవ పుస్తకమును చెదలు కొంత తినినవి.

ఇప్పుడు పెండ్లిండ్లలో బ్యాండునకు మారుగా పెద్దపెట్టెల డీజే వచ్చినది. 2020నాటి మహమ్మారిలో రెండు ముహూర్తకాలములు గడచిపోవుటతో మేళములో మిగిలినవారు నలుగురు. తక్కినవారిలో నిద్దరు పత్తిమిల్లులలో జేరిరి. ఆయన మనుమరాలు మా పాఠశాలలోనే యెనిమిదవ తరగతి చదువుచున్నది. మంచి చెవి. రికార్డులో వయోలా యెప్పుడు వచ్చెనో వయొలిను ఎప్పుడు వచ్చెనో వేరుచేసి చెప్పగలదు. దానికి వయొలిను నేర్పింపవలెనని మా కోరిక. కర్నూలున సంగీతకళాశాల యున్నది. పిల్ల తండ్రి యొప్పుకొనడు. ‘మా నాయన వాయించి ఏం తిన్యాడు సార్? షెడ్లో కూడు. నర్సింగు చదివిస్తా, గౌరవముంటాది,’ అనుచున్నాడు. ఈ వాదమునకు మాయొద్ద నుత్తరము లేదు. ఆ షెడ్డు కట్టినది మనము; ఆయన గాడు. ఆడపిల్ల వాద్యము పట్టరాదను పాతమాట యాతడనినచో వాదించి గెలువగలవారము. ఆతడనినది వేరు. ప్రస్తుతము సంధి యెట్లన, వయొలిను మా యింటనుండును, పిల్ల యాదివారము మా కూతుతో గూడ వచ్చి సాధనచేయును, తండ్రి యడుగడు, మేము చెప్పము. తాత మాత్రము ప్రక్కగదిలో గూర్చుండి తప్పులు దిద్దును.

మన తెలుగుచిత్రములకు మంచికాలము రాలేదనలేము. ‘నాటు నాటు’ పాటకు 2023 మార్చిలో ఆస్కారు వచ్చినప్పుడు ఆదోని బజారులో మిఠాయి పంచిరి. అదే యేడు ఆగస్టులో అదే చిత్రపు నేపథ్యసంగీతమునకు కీరవాణిగారికి జాతీయపురస్కారము ప్రకటించిరి. మేము మరునాడు ఉపాధ్యాయుల గదిలో నడిగిచూచితిమి. పాటసంగతి తెలియనివాడు లేడు, రెండవది తెలిసినవాడు లేడు. బాహుబలి వాద్యసంగీతమును భాగములు భాగములుగా విడిగా విడుదలచేసిరి. సెల్‌ఫోనులో నెవరైనను వినవచ్చును. మా కాలమున టేపు నలుగగొట్టి రెండుక్షణములు వినినదానిని నేటి పిల్లలు కోరినంత వినగలరు. ఇది మాకు సంతోషము. కాని క్యాసెట్టునకు లోపలిమడతపై నున్న కొద్దిచోటైన సెల్‌ఫోనులో లేదు. సంగీతదర్శకుని పేరుండును, తరువాత కంపెనీ పేరుండును, నడుమనున్న మనుష్యులు లేరు. 2025 మార్చి 8వ తేదిని ఇళయరాజాగారు లండనులో రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో దమ సింఫనీని వినిపించిరి. అట్టి బృందములలో వాద్యకారుల పేర్లను వరుసగా నచ్చువేయుట యాచారము. అది ధనముతో బని లేని సంస్కారము. మన చిత్రములవారు రేపే చేయవచ్చును. పెండ్లిపత్రికలో బంధువుల పేర్లు ముప్పది వేయించు మనము చివర మేళమువారి పేర్లు నాలుగు వేయింపవచ్చును. మా రెండవ మేనకోడలి పెండ్లిపత్రికలో వేయించితిమి. ముద్రాపకుడు పొరపాటనుకొని తీసివేసెను, మరల వేయించితిమి.

చెదలు తినిన రెండవ పుస్తకమునుండి ప్రతి వ్రాయుట మొదలుపెట్టితిమి. మేళపుపెద్ద పాడును, మనుమరాలు వయొలినుపై పట్టును, మేము స్వరము వ్రాయుదుము, మా గృహిణి చిత్రము పేరును సంవత్సరమును సరిచూచును. చెదలు తినినచోట నాయన జ్ఞాపకమునుండి పూరించును. జ్ఞాపకము తడబడినచోట చుక్కలు పెట్టి విడుచుచున్నాము. 61 పుటలైనవి. రెండవ పుస్తకములో నింక 40 వరకు గలవు, తరువాత నాలుగు పుస్తకములు. మొన్న నొక పుటలో చిత్రము పేరు లేక ‘రీలు 9, తలుపు’ అనిమాత్రమున్నది. ఏ తలుపో యాయనకును జ్ఞప్తిలేదు. వరుస మాత్రము చక్కనిది. పిల్ల దానిని రెండువారములుగా వాయించుచున్నది.